అన్నపూర్ణేశ్వరిగారి ఒళ్లో కుంపటి

కాలింది నా వేలు. చురుక్కుమనడంతో చెయ్యి వెనక్కి లాక్కుని వేలు నోట్లో పెట్టుకున్నాను. అన్నపూర్ణేశ్వరిగారు నన్ను కాల్చిన అదే ల్యాప్‌టాప్‌ను అంతసేపూ ఒళ్లో పెట్టుకుని, రజాయి కప్పుకుని, హాయిగా పేకాట ఆడుకున్నారు. "ఏమైందే కుమారీ?" అని అడిగారు, నాకేదో చీమ కుట్టినట్టు. నర్సు ఉద్యోగంలో రక్తం చూశాను, చావులు చూశాను, ఒళ్లంతా కాలి వచ్చినవాళ్లకు కట్లు కట్టాను. కానీ కాలుతూ కూడా అంత ప్రశాంతంగా కూర్చున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ముందు ఆవిడెవరో చెప్పాలి. ఢిల్లీ సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో మాది పైవాటా, వాళ్లది కిందివాటా. భర్త భీమేశ్వరరావుగారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని, పేరు ఆనందకుమారి. ఇద్దరిదీ గోదావరి జిల్లాయే. ఆవిడది అగ్రహారం, మాది చర్చిపేట. ఊళ్లోనే ఉండి ఉంటే ఆవిడ గుమ్మం నేను ఎక్కేదాన్ని కాదు, మా వీధివైపు ఆవిడ తొంగి చూసేవారూ కాదు. ఢిల్లీలో మాత్రం ఒకే మెట్లు, ఒకే నీళ్ల ట్యాంకు, ఐఎన్ఏ మార్కెట్లో ఎప్పుడో ఒకసారి దొరికే ఒకే గోంగూర కట్ట. పంచుకోక తప్పలేదు.

పెళ్లయిన కొత్తలో ఢిల్లీ వచ్చిన మనిషి, ఇన్నేళ్లయినా ఆవిడ హిందీ మాత్రం గోదావరి దాటలేదు. "భయ్యా, ఏ టమాటాలు మెత్తగా హై, గట్టివి దేదో" అనేవారు. కూరగాయల బండివాడు నవ్వుకుంటూనే గట్టివి ఏరి ఇచ్చేవాడు. ఎందుకంటే వాడికీ ఆవిడ చేతి పులిహోర ముట్టేది. ఆంధ్రా నుంచి ఎవరు కొత్తగా బదిలీ అయి వచ్చినా, లారీలోంచి సామాను దిగకముందే ఆవిడ పంపిన క్యారేజీ దిగేది. ఇంటర్వ్యూలకు వచ్చిన కుర్రాళ్లు, ఆపరేషన్లకు వచ్చినవాళ్లు, ఊరు చూడటానికి వచ్చిన చుట్టాల చుట్టాలు, అందరూ ఆ వంటింటి ముందు పీట వేసుకుని తిన్నవాళ్లే. "నా చేతిలోంచి గరిటె లాగేస్తే నా దగ్గర ఇంకేముందే? బీయే చదివానా, పాట వచ్చా?" అనేవారు నవ్వుతూ. నవ్వుతూ అన్నా అది నిజమే.

నాకూ పెట్టేవారు. కాకపోతే నా గ్లాసు వేరు. అంచు దగ్గర సొట్టపడ్డ స్టీలు గ్లాసు వెనక వరండా కిటికీ గూట్లో ఉండేది. కాఫీ అందులో పైనుంచి పోస్తారు, నేను తాగి, కడిగి, అక్కడే బోర్లించి రావాలి. నోరు తెరిచి ఎవరూ చెప్పలేదు, మొదటి రోజునుంచీ అలా జరిగిపోయింది. నాకు ఒళ్లు మండేది. మా ఆయన నోవహు "అయితే వెళ్లడం మానేయ్" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. మానలేను. ఆ కాఫీ అలాంటిది, ఆవిడ కబుర్లు అలాంటివి. పైగా మా అమ్మాయి పెర్సిస్‌కు టైఫాయిడ్ వచ్చి, నేను సెలవు దొరక్క ఏడుస్తుంటే, రోజూ జావ కాచి మెట్లెక్కి తెచ్చి పిల్ల తల నిమురుతూ తాగించింది ఆవిడే. ఆ గ్లాసుకూ ఈ జావకూ పొంతన ఎక్కడుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆవిడకు ఇంకో పిచ్చి ఉంది. ఇంట్లో ఏ వస్తువూ బట్టలేకుండా ఉండకూడదు. టీవీకి కవరు, ఫ్రిజ్‌కు కవరు, ఫ్రిజ్ హ్యాండిల్‌కు మళ్లీ చిన్న కవరు, మిక్సీకి గౌను, టెలిఫోనుకు లేసు టోపీ. రిమోటును ప్లాస్టిక్ సంచిలో పెట్టి రబ్బరు బ్యాండ్ వేసేవారు. సరోజినీ నగర్ మార్కెట్లో గుట్టలు పోసి అమ్మే ముక్కలు ఏరుకొచ్చి, ఎండ పొడ పడే చోట మిషను వేసుకుని కుట్టేవారు. భీమేశ్వరరావుగారు కుర్చీలో కదలకుండా కూర్చుంటే ఆయనకూ కొలతలు తీస్తారని నేను ఏడిపించేదాన్ని.

అలాంటి ఇంటికి ల్యాప్‌టాప్ వచ్చింది. రెండువేల ఏడు దీపావళి వెళ్లాక, ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్లబ్బాయి సాకేత్ కాలేజీలో సీనియర్ దగ్గర పాతది కొన్నాడు. రెండు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడోనాటికి అన్నపూర్ణేశ్వరిగారు దానికీ చొక్కా కుట్టేశారు. బల్లలమీద పరిచే పూల రెక్సిన్ ఉంటుంది చూడండి, అది. అడుగంతా కప్పేసి, పక్కలకు మడిచి, మూలల్లో ఎలాస్టిక్ పెట్టి, చుట్టూ ప్రెస్ బటన్లు వేశారు. పైన మీటలూ తెరా మాత్రం తెరిచి ఉంచారు. ఎంత ముచ్చటగా కుదిరిందంటే, అది కంపెనీవాళ్లు ఇచ్చిందేమో అనుకున్నాను. సాకేత్ కూడా పట్టించుకోలేదు. పుట్టినప్పటినుంచీ వాడి కళ్లముందు ప్రతి వస్తువూ బట్టలు తొడుక్కునే ఉంది.

అప్పటినుంచి మొదలైంది వేడి. కాసేపు నడిచేసరికి లోపల ఫ్యాను బుస్సుమనేది, తర్వాత అడుగు ఎడమ మూల పెనంలా అయ్యేది, తర్వాత టప్పున ఆగిపోయేది. సాకేత్ ఒళ్లో పెట్టుకుని "ఊయ్" అంటూ మంచమ్మీదికి తోసేసేవాడు. భీమేశ్వరరావుగారు ఇది క్వార్టరు వోల్టేజీ తప్పే అని తేల్చి, కాలనీ మరమ్మతులు చూసే ఎంక్వయిరీ ఆఫీసుకు ఫిర్యాదు రాశారు. కరెంటు మనిషి వచ్చి, మీటరు చూసి, వైర్లు పీకి పెట్టి, "సబ్ ఠీక్ హై సాబ్" అని పోయాడు. ఆయన నమ్మలేదు, ఇంకో ఫిర్యాదు రాశారు. ఆ యంత్రానికి ఇంట్లో కుంపటి అని పేరు స్థిరపడిపోయింది.

దాన్ని భరించగలిగింది ఒక్క అన్నపూర్ణేశ్వరిగారే. జనవరి వచ్చింది. ఢిల్లీ జనవరి సంగతి తెలిసిందే, స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద రజాయి వేసినా వేళ్లు కొంకర్లు పోతాయి. మధ్యాహ్నం వంట ముగించి, ఆవిడ దివాను మీద కాళ్లు చాపుకుని, ఒళ్లో కుంపటి పెట్టుకుని, పైన రజాయి లాక్కునేవారు. సాకేత్ ఆవిడకు పేకముక్కల ఆట నేర్పాడు. ఆవిడ నాన్నగారు ఇంట్లో పేకముక్క కనబడితే పొయ్యిలో పెట్టేవారట. అలాంటాయన కూతురు రాజునూ రాణినీ తెరమీద జరుపుతూ, "ఇందులో పాపం లేదులే, డబ్బు లేదుగా" అని తనకు తానే తీర్పు చెప్పుకున్నారు.

"మమ్మీ ఒళ్లో ఉంటే చాలాసేపు ఆగదు, మేం పట్టుకుంటేనే కాలుతుంది" అని సాకేత్ ఆశ్చర్యపోయేవాడు. అదెలాగంటే, ఆవిడకు ఆగిపోయినా కోపం లేదు, మళ్లీ వేసుకుని మళ్లీ ఆడేవారు. ఆవిడ శరీరతత్వం చలవ అని భీమేశ్వరరావుగారు అనేవారు. పెనమ్మీది అట్టు చేత్తో తిరగేసే మనిషికి ఇదో లెక్కా అని నేనూ అన్నాను. ఆవిడ మురిసిపోయేవారు. ఇంజనీరింగ్ కొడుకూ, ఆఫీసరు మొగుడూ పట్టుకోలేని వస్తువును తాను ఒళ్లో పెట్టుకోగలగడం ఆవిడకు చిన్న విషయం కాదు.

ఆ ఆదివారం డ్యూటీ దిగి నేను కాఫీకి వెళ్లేసరికి ఇల్లు గందరగోళంగా ఉంది. సాకేత్‌కు ప్రాజెక్టు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది, కుంపటేమో మొండికేసింది. "మమ్మీ, ప్లీజ్, నాకివ్వు" అంటున్నాడు. "ఈ ఆట అయిపోనీరా, ఒక్క ముక్క ఉంది" అంటున్నారు ఆవిడ. అంతలో తెర నల్లబడింది. వాడు తల పట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వండి, దాని జ్వరమెంతో చూస్తాను" అని వేళాకోళంగా రజాయి కిందికి చెయ్యి పెట్టి, ఎడమ మూల తడిమాను. అప్పుడే కాలింది నా వేలు.

ఒళ్లు మండిపోయింది. ఆ యంత్రాన్ని రజాయితో సహా పైకి లాగి బల్లమీద తిరగేశాను. పూలు, ఆకులు, ప్రెస్ బటన్లు. టపటపా బటన్లు ఊడదీస్తే రెక్సిన్ లోపలివైపు మెత్తబడి జిగురుగా వచ్చింది. అడుగున గాలి వెళ్లే సందులన్నీ బయటపడ్డాయి. ఆ సందుల్లోంచి వేడి నా ముఖానికి కొట్టింది.

"ఒరే సాకేత్, నువ్వు చదివేది ఇంజనీరింగా, పూలరంగళ్ల చదువా? దీనికి ఊపిరాడకుండా ముక్కూ నోరూ కుట్టేశారు మీ అమ్మ. ఇన్నాళ్లూ నీకు కనపడలేదురా?" అన్నాను.

సాకేత్ నోరు వెళ్లబెట్టాడు. భీమేశ్వరరావుగారు చేతిలోని రెండో ఫిర్యాదు నకలును నెమ్మదిగా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒక్కసారిగా అందరం నవ్వాం. అన్నపూర్ణేశ్వరిగారు కూడా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "దుమ్ము పడుతుందని కుట్టానే తల్లీ" అన్నారు.

ఆ నవ్వులోనే సాకేత్ అన్నాడు. "బట్ మమ్మీ, యే తో జల్ రహా థా. ఇంత కాలుతుంటే నువ్వు ఇంతసేపు ఎలా పెట్టుకున్నావ్?"

"నాకేం కాలలేదురా. వెచ్చగా ఉంది, అంతే" అన్నారు ఆవిడ.

వాళ్లు ఇంకా నవ్వుతున్నారు. నా నవ్వు ఆగిపోయింది. వేలు కందిపోయి మంట పెడుతోంది, ఆ మంట ఎంతో నాకు తెలుసు. చీరా లంగా ఉన్నా సరే, అంత వేడిని మనిషి గంటలకొద్దీ ఓర్చుకోడు. ఓర్చుకోవడం కాదిది.

"అన్నపూర్ణగారూ, లోపలికి రండి, ఒక మాట" అన్నాను. గొంతు మామూలుగానే పెట్టాననుకున్నాను. భీమేశ్వరరావుగారు నవ్వడం మాని నావైపు చూశారు.

పడగ్గదిలో తలుపు వేసి, చీర పైకి తీయమన్నాను. ఆవిడ సిగ్గుపడ్డారు, గదమాయించాను. ఎడమ తొడమీద అరచేయంత మచ్చ ఉంది. చుట్టూ చర్మం కంటే పాలిపోయి, అంచు కాస్త ఎర్రగా ఉంది. దాని మధ్యలో పెద్ద పొక్కు లేచి, చితికి, పచ్చిపుండు అయింది. పుండు మీద పసుపు మెత్తి ఉంది.

"ఇదెప్పటినుంచి?" అన్నాను.

"మచ్చా? అది ఎప్పటిదో. శోభి అనుకుని వదిలేశాను. పుండు మొన్న చీరకు అంటుకుంటే చూశానే. నెప్పేం లేదు గదా అని పసుపు రాశాను" అన్నారు.

నెప్పేం లేదు. ఆసుపత్రిలో రోజూ ఎంతోమంది నోట ఆ మాట కోసం ఎదురుచూస్తాం. ఆ పూట మాత్రం అదే వినకూడదని కోరుకున్నాను. నేను నర్సింగ్ నేర్చుకున్నది మా గోదావరి వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో. అక్కడ ఒక వార్డు ఉండేది, దాని పేరు ఊళ్లో ఎవరూ పైకి అనేవారు కాదు. ఆ వార్డులో మొదటిరోజే మాకు నేర్పిన పరీక్ష ఒకటి ఉంది. దానికి యంత్రాలక్కర్లేదు.

"కాస్త దూది ఇవ్వండి" అన్నాను.

ఆ ఇంట్లో దూది అంటే దేవుడి దీపానికి వత్తులు చేసే దూదే. దాన్ని నన్ను ముట్టుకోనివ్వరు. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, డబ్బా తెరిచి చిన్న ఉండ తీసి, నా అరచేతిలో పైనుంచి వేశారు. నేను దాని కొసను సన్నగా పురి తిప్పాను.

"కళ్లు మూసుకోండి. దూది తగిలినప్పుడల్లా ఊ అనండి."

"ఇదేం ఆటే?" అంటూ కళ్లు మూసుకున్నారు.

ముంజేతిమీద ఆనించాను. "ఊ" అన్నారు. వేళ్లమీద. "ఊ". మోకాలి దగ్గర. "ఊ. చక్కిలిగిలిగా ఉందే" అని నవ్వారు. కుడి తొడమీద ఆనించాను, వెంటనే ఊ అన్నారు. అప్పుడు ఎడమ తొడమీద, పుండుకు దూరంగా, ఆ పాలిపోయిన చోట ఆనించాను. ఆవిడ ఏమీ అనలేదు. పక్కకు జరిపి ఆనించాను. ఏమీ అనలేదు. కాస్త గట్టిగానే నొక్కాను. ఆవిడ ముఖంలో చిరునవ్వు అలాగే ఉంది, కనురెప్ప కూడా కదల్లేదు.

"ఏం చేస్తున్నావే? ముట్టుకో మరి. ఎంతసేపని కళ్లు మూసుకోను?" అన్నారు ఆవిడ.

నా వేలూ దూదీ ఆవిడ ఒంటిమీదే ఉన్నాయి. ఎప్పుడో కుర్రతనంలో తెలియనివాళ్ల మీద చేసిన పరీక్ష అది. నాకు కాఫీ పోసే మనిషి మీద, నా పిల్లకు జావ తాగించిన మనిషి మీద చేస్తానని కలలో కూడా అనుకోలేదు. నేను పలక్కపోయేసరికి ఆవిడ కళ్లు తెరిచారు. కిందికి చూశారు. నా చెయ్యి ఎక్కడుందో చూశారు.

"ఎంతసేపట్నించి?" అని అడిగారు.

ఆవిడే తన వేలితో ఆ మచ్చను తాకి చూసుకున్నారు. ఒకసారి, మళ్లీ ఒకసారి. తన కాలు తనది కానట్టు దానివైపు చూస్తూ ఉండిపోయారు. అగ్రహారంలో పుట్టినా, చర్చిపేటలో పుట్టినా, గోదావరి జిల్లా ఆడదానికి ఆ గుర్తు ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు.

"పెద్దరోగమా కుమారీ?" అన్నారు.

"డాక్టరు చూసి చెప్పాలి. నాకు అలాగే అనిపిస్తోంది. కానీ వినండి, ఇప్పుడది పెద్దదీ కాదు, ఏమీ కాదు. ఆరు నెలలు బిళ్లలు మింగితే పోతుంది. ఒకటే మచ్చ, మీ చేతులు బాగున్నాయి, పాదాలు బాగున్నాయి. వింటున్నారా?"

వినడం లేదు. ఆవిడ చీర సర్దుకుని, గోడకు ఆనుకుని అడిగారు. "మరి వంటో?"

బతుకుతానా అని అడగలేదు. ఎలా వచ్చిందని అడగలేదు. "శుభ్రంగా చేసుకోవచ్చు. మీ చేతి వంట తింటే ఎవరికీ ఏమీ రాదు" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. నేను అబద్ధం చెబుతున్నానని ఆవిడ నమ్మకం.

బయటికొచ్చి భీమేశ్వరరావుగారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నారు. "అది మన దేశంలో పోయిందిగా. పేపర్లో కూడా వచ్చింది" అన్నారు, నా ఫైల్లో తప్పు చూపిస్తున్నట్టు.

"తగ్గిందని రాశారు సార్. పోయిందని రాయలేదు" అన్నాను.

సాకేత్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. వాడి ముఖం తెల్లబోయింది. "ఆంటీ, యే కైసే హో సక్తా హై? ఆ జబ్బు రెడ్ లైట్ సిగ్నల్ దగ్గర అడుక్కునేవాళ్లకి... హమ్ లోగ్ తో..." అని ఆగిపోయాడు.

"హమ్ లోగ్, మనం అంటే ఎవర్రా?" అన్నాను. వాడు తల దించుకున్నాడు. వాడిని అని లాభమేముంది, అదే మాట ఆ గదిలో అందరి కడుపులోనూ ఉంది.

మర్నాడే చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లాను. డాక్టరమ్మ కళ్లు మూయించి మళ్లీ అదే పరీక్ష చేసింది, మోచేతుల దగ్గరా మోకాళ్ల పక్కనా నరాలు తడిమింది, ఇంకా చేయాల్సినవి చేసింది. అదే, కుష్ఠే అని చెప్పింది. మంచి సమయంలో వచ్చారు, నరాలు దెబ్బతినలేదు, మందు వాడితే ఇది ఇంకొకళ్లకు అంటదు అని చెప్పింది. అంతా నేను ఆవిడకు తెలుగులో చెప్పాను. పుండు ఎలా పడిందని డాక్టరమ్మ అడిగితే, ల్యాప్‌టాప్ అని చెప్పడానికి నాకే నోరు రాలేదు. ఆ కుంపటి కాల్చకపోయి ఉంటే ఆ మచ్చను ఇంకెన్నాళ్లు శోభి అనుకునేవారో. మొదటి బిళ్లలు అక్కడే, నా చేతి నీళ్లతో వేసుకున్నారు. నా సీసాలోంచి తాగారు, పట్టించుకునే స్థితిలో లేరు.

ఇంటికొచ్చాక నేను ఊహించనిది జరిగింది. ఆవిడ వంటింట్లోకి వెళ్లడం మానేశారు.

వెళ్లొద్దని ఎవరూ అనలేదు. వెళ్లమనీ ఎవరూ అనలేదు. నాకు మంటెక్కింది అక్కడే. భీమేశ్వరరావుగారు ఆంధ్రా మెస్ నుంచి క్యారేజీ తెప్పించారు, సాకేత్ నూడుల్స్ ఉడకబెట్టుకున్నాడు. ఆవిడ వెనక వరండాలో చాప వేసుకుని, తన కంచం తానే కడుక్కుని, తన బట్టలు వేరే తీగమీద ఆరేసుకుంటున్నారు. కవర్లు కుట్టే మిషను మీద దుప్పటి కప్పేశారు. బదిలీ మీద కొత్తగా ఒక కుటుంబం దిగిందని నేను చెబితే, "నాకెందుకులే" అన్నారు. ల్యాప్‌టాప్ ఇప్పుడు బల్లమీద చొక్కా లేకుండా చల్లగా పనిచేస్తోంది, సాకేత్ ప్రాజెక్టు ఇచ్చేశాడు. దానివైపు ఆవిడ కన్నెత్తి చూడలేదు.

"సార్, మీ ఆవిడ అలా వరండాలో కూర్చుంటే మీకు ముద్ద ఎలా దిగుతోంది?" అని అడిగేశాను ఒకరోజు.

"నేనేం అనలేదమ్మా. ఆవిడే..." అన్నారు ఆయన.

"అనలేదనే అడుగుతున్నాను" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పాపం, మనిషి చెడ్డవాడు కాదు. భయం, అంతే. నేను కోప్పడితే పోయే భయం కాదది.

ఆ తర్వాత ఒక సాయంత్రం డ్యూటీ దిగి వెళ్లాను. వరండాలో కాస్త ఎండ మిగిలి ఉంది. ఆవిడ చాపమీద ఉన్నారు. నన్ను చూసి భీమేశ్వరరావుగారు, "కూర్చోమ్మా, కాఫీ పెట్టాను" అని వంటింట్లోంచి గిన్నె పట్టుకొచ్చారు. ఆయన కాఫీ పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఒళ్లు పులకరించాల్సింది పోయి జాలేసింది. ఆయన చేతిలో ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులు రెండున్నాయి, ఒకటి నాముందు పెట్టి అందులో పోశారు. ఇన్నేళ్లలో మొదటిసారి. నేను ఇంకా ఆ ఆశ్చర్యంలోంచి తేరుకోలేదు.

రెండోది ఆవిడ ముందు పెట్టబోయారు. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపి, లేచి, కిటికీ గూట్లోంచి నా సొట్ట గ్లాసు తీశారు.

"నాకిందులో పొయ్యండి. పైనుంచి" అన్నారు.

ఆయన పోశారు. పైనుంచే.

ఆ గ్లాసు ఏమిటో, ఎందుకు అక్కడుందో ఆవిడకు తెలియదని, ఏదో అలవాటుకొద్దీ జరుగుతోందని ఇన్నేళ్లూ నన్ను నేను సముదాయించుకున్నాను. తెలుసు. బాగా తెలుసు. తెలుసు కనకనే ఈరోజు ఎవరూ చెప్పకుండా తనంతట తాను దాన్ని వెతుక్కుని తీసుకున్నారు. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. ఆవిడ ఒక గుక్క తాగారు. ఇంట్లోవాళ్లలా ఎత్తి పోసుకోలేదు, గ్లాసు అంచు పెదవులకు ఆనించి తాగారు.

"అది నాది" అన్నాను.

"ఏమిటే?"

"ఆ గ్లాసు నాదండీ. ఇన్నేళ్లూ నాది. ఇలా ఇవ్వండి."

ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను. ఆవిడ వేళ్లు నా వేళ్లకు తగిలాయి. అందులో ఉన్న కాఫీ, ఆవిడ ఎంగిలి కాఫీ, ఆ అంచునే పెదవులు పెట్టి గడగడా తాగేశాను. భీమేశ్వరరావుగారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అన్నపూర్ణేశ్వరిగారి కళ్లు పెద్దవయ్యాయి. నేను తెలిసి తాగుతున్నానని, నర్సుని కాబట్టి తెలిసే తాగుతున్నానని ఆవిడకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నా ముందున్న గ్లాసు ఆవిడ ముందుకు జరిపాను.

"ఇది మీది. తాగండి" అన్నాను.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకున్నారు. తాగలేదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత ఒక గుక్క తాగి ముఖం చిట్లించారు.

"ఏం కాఫీ అండీ ఇది? డికాషనా, కుడితా?" అన్నారు మొగుడితో.

ఆయన గిన్నె కింద పెట్టి, వంటింటి గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని నిలబడ్డారు. అంతకంటే ఆయనకు చేతకాలేదు, అది చాలు. ఆవిడ లేచి, కొంగు బొడ్లో దోపుకుని, లోపలికి వెళ్లారు. స్టవ్ వెలిగిన చప్పుడు వినబడింది. గిన్నెల చప్పుడు వినబడింది. భీమేశ్వరరావుగారూ నేనూ ఒకళ్లనొకళ్లం చూసుకోకుండా వరండాలో నిలబడ్డాం.

లోపల ఏదో ఠంగుమని పడింది.

"అబ్బ, కాలిందే చెయ్యి" అన్నారు ఆవిడ.

ఇంకెవరన్నా అయితే పరుగెత్తుకెళ్లి వేలికి నీళ్లు పోసేవాళ్లు. నేను మాత్రం ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే చాపమీద కూలబడి ఏడ్చాను.